గడప లోపల పప్పన్నం... గడప దాటితే కత్తి!

రాయలసీమ అనగానే తెలుగు సినిమాకు గుర్తొచ్చేవి తెల్ల సుమోలు, వేటకొడవళ్లు. 2010లో వచ్చిన ‘మర్యాద రామన్న’ ఆ భయాన్ని నవ్వులాటగా మార్చింది. మరి దాంతో సీమ మీద పడిన ముద్ర చెరిగిందా... ఇంకాస్త ముదిరిందా?

హైదరాబాద్‌లో ఏదో ఒక కాలేజీ హాస్టలు. కొత్తగా చేరిన కుర్రాళ్లు పరిచయాలు చేసుకుంటున్నారు. ‘మాది భీమవరం’ అనగానే ‘అబ్బో... రొయ్యలూ, కోడిపందేలూనా!’ అంటారు. ‘మాది సిక్కోలు’ అంటే ఆ యాసను అనుకరించి నవ్వుతారు. ‘మాది అనంతపురం పక్కన పల్లె’ అన్న కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే అందరూ గొల్లుమంటారు.

‘అమ్మో, వీడితో జాగ్రత్తరా బాబూ! ఏం అన్నా... మీ ఇంట్లో సుమోలెన్ని?’

‘సుమోలు యాడివప్పా! మాకుండేది రెండెకరాల శెనిక్కాయ చేను, ఒక బోరు. ఆ బోర్లో నీళ్లు ల్యావు’ అని చెబుదామనుకుంటాడు. చెప్పడు. వాళ్లతోపాటే నవ్వేస్తాడు. ఎందుకంటే, అడిగినవాళ్లకు కోపం లేదు, ద్వేషం లేదు. సరదాగానే అడిగారు. సరదాగా అన్న మాటకు జవాబు చెప్పబోతే ‘నీకు జోకు కూడా అర్థం కాదా’ అంటారు.

చదువుకో, ఉద్యోగానికో ఊరు దాటి వచ్చిన సీమవాళ్లలో ఇలాంటి ప్రశ్న ఎదురుకానివాళ్లు తక్కువే. అద్దె ఇంటి కోసం వెళ్లినప్పుడు, పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు, ఆఫీసులో మొదటిరోజున... మాట మారుతుందేమోగానీ భావం అదే. ఇంతకీ ఈ అడిగేవాళ్లలో చాలామంది సీమలో అడుగుపెట్టి ఉండరు. మహా అయితే తిరుపతి వెళ్లివచ్చి ఉంటారు. అది కూడా సీమేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు!

మరి వాళ్లకు ఆ సీమను చూపించిందెవరు? సినిమానే.

అతిథి మర్యాద!

అలాంటి సినిమాల్లో ‘మర్యాద రామన్న’ది ప్రత్యేకమైన చోటు. ‘మగధీర’ లాంటి భారీ చిత్రం తీసిన మరుసటి ఏడాదే రాజమౌళి హాస్యనటుడు సునీల్‌ను కథానాయకుడిగా పెట్టి ఈ సినిమా తీశారు. 2010 జులైలో విడుదలైంది. ఇంటిల్లిపాదీ చూసి నవ్వుకున్నారు.

కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పొట్టకూటికి సైకిలు తొక్కుకునే రాముకి ఓ ఆటో కొనుక్కోవాలని ఆశ. రాయలసీమలోని సొంతూళ్లో తనకు అయిదెకరాల పొలం ఉందని తెలుస్తుంది. అమ్ముకుందామని బయల్దేరతాడు. రైల్లో ఓ అమ్మాయి పరిచయమవుతుంది. ఊళ్లో అనుకోకుండా వాళ్లింటికే అతిథిగా వెళతాడు. ఆ ఇంటి పెద్ద రామినీడు, ఆయన కొడుకులు తన ప్రాణం తీయడానికి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లేనని ఆ తర్వాతగానీ తెలియదు. అయితే రామినీడుకో నియమం ఉంది. తన ఇంటి గడప లోపల నెత్తురు చిందకూడదు. ఇంకేముంది... లోపల ఉన్నంతసేపూ విస్తరి నిండా వడ్డన, గడప దాటితే కత్తి. బయటికి వెళ్లకుండా ఉండటానికి రాము పడే పాట్లే సినిమా అంతా.

నిజం చెప్పాలంటే, ఫ్యాక్షన్ నేపథ్యంగా వచ్చిన సినిమాల్లో ఇది మెత్తనిది. కథానాయకుడు తొడకొట్టడు, మీసం మెలేయడు. భయపడతాడు. పారిపోవాలనుకుంటాడు. తండ్రుల పగ కొడుకులు మోయడం ఎంత అర్థంలేని పనో నవ్విస్తూనే చెబుతుంది. నాగినీడు పోషించిన రామినీడు కూడా ఉత్త క్రూరుడు కాడు. మాటకు కట్టుబడే మనిషి, కూతురంటే ప్రాణం పెట్టే తండ్రి.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఈ ఇల్లు నిజంగా రాయలసీమలోదేనా?

అమెరికా కొండల నుంచి...

కాదు. ఆ గడప చాలా దూరం నుంచి వచ్చింది. మూకీల కాలపు హాస్యనటుడు బస్టర్ కీటన్ 1923లో ‘అవర్ హాస్పిటాలిటీ’ అనే సినిమా తీశాడు. న్యూయార్క్‌లో పెరిగిన ఓ యువకుడు తండ్రి ఆస్తి కోసం సొంతూరికి బయల్దేరతాడు. రైల్లో ఓ అమ్మాయి పరిచయమవుతుంది. ఆమె ఇంటివాళ్లు తన కుటుంబానికి బద్ధశత్రువులు. కానీ ఇంటికొచ్చిన అతిథిని ఇంట్లో చంపకూడదన్నది వాళ్ల మర్యాద! ‘మర్యాద రామన్న’కు ఈ సినిమానే మూలం.

కీటన్ కథకూ ఓ మూలం ఉంది. అమెరికాలో కెంటకీ, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల సరిహద్దులో టగ్ ఫోర్క్ అనే నది ఉంది. దానికి అటూ ఇటూ ఉండే హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల మధ్య 19వ శతాబ్దం రెండో సగంలో పగలు రగిలాయి. డజను మంది దాకా ప్రాణాలు పోయాయి. ఆ వార్త పట్నం చేరాక అసలు కథ మొదలైంది. న్యూయార్క్ పత్రికలు దాన్ని ఆబగా అందుకున్నాయి. ‘న్యూయార్క్ వరల్డ్’ విలేకరి టి.సి.క్రాఫర్డ్ ఆ కొండల్లో కాస్త తిరిగివచ్చి, 1889లో పుస్తకమే వేశాడు. అమెరికాలో అనాగరికత ఎలా ఉందో చెప్పే కథ ఇదని ఉపశీర్షికలోనే రాసుకున్నాడు. ఇక అక్కణ్నుంచి అపలాచియన్ కొండల్లో ఉండేవాళ్లంటే గడ్డాలు పెంచుకుని, తుపాకీ పట్టుకుని, తాత ముత్తాతల పగతో రగిలే మొరటు మనుషులన్న బొమ్మ దేశమంతా స్థిరపడింది. దాదాపు వందేళ్ల తర్వాత 1988లో ఆల్టినా వాలర్ అనే చరిత్రకారిణి పాత రికార్డులన్నీ తిరగేసి, ఆ గొడవల వెనక భూములూ కలప వ్యాపారమూ ఊళ్లోకి కొత్తగా వచ్చిన డబ్బూ ఉన్నాయని వివరించారు. కానీ పుస్తకం చదివేవాళ్లెందరు, సినిమా చూసేవాళ్లెందరు!

కథ అక్కడితో ఆగలేదు. తెలుగులో హిట్టయ్యాక అదే ఇల్లు ఊళ్లు మారుతూ పోయింది. 2012లో హిందీలో ‘సన్ ఆఫ్ సర్దార్’ అయింది. సీమ పోయి పంజాబ్‌లోని ఫగ్వాడా వచ్చింది. పంచెల బదులు తలపాగాలు వచ్చాయి. కన్నడ, బెంగాలీల్లో తీశారు. 2014లో తమిళంలో, 2015లో మలయాళంలో వచ్చింది.

ఇక్కడే అసలు కిటుకు కనిపిస్తుంది. కెంటకీ తీసి కడప పెట్టినా, కడప తీసి ఫగ్వాడా పెట్టినా కథలో ఒక్క ఇటుక కదల్లేదు. అంటే అది ఏ ఊరి కథా కాదు. పట్నంలో కూర్చున్నవాళ్లు దూరపు ఊరి గురించి ఊహించుకునే కథ. అక్కడివాళ్లు మనకన్నా మొరటువాళ్లు, మాటకు ప్రాణమిస్తారు, అంతే తేలిగ్గా ప్రాణం తీస్తారు... ఇదొక చొక్కా. ఏ ఊరికైనా తొడగొచ్చు. తొడిగించుకున్న ఊరికి మాత్రం అది విప్పుకోవడం కష్టం.

సుమోలు లేచిన కాలం

సీమకు ఆ చొక్కా ‘మర్యాద రామన్న’ కుట్టలేదు. అంతకు పదమూడేళ్ల ముందే కొలతలు తీసుకున్నారు. 1997లో వచ్చిన ‘ప్రేమించుకుందాం... రా’తో ఫ్యాక్షన్ నేపథ్యం జనానికి బాగా పరిచయమైంది. 1999 సంక్రాంతికి వచ్చిన ‘సమరసింహారెడ్డి’తో అదొక ఒరవడి అయింది. ఆ తర్వాత ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002), ‘ఒక్కడు’ (2003)... అన్నీ ఘన విజయాలే. రైలు దిగే జనం, వరసగా తెల్ల వాహనాలు, గాల్లోకి లేచే సుమోలు, చేటంత మీసాలు, పేరు చివర రెడ్డో నాయుడో. ఇన్ని దినుసులు కలిస్తే సీమ సినిమా సిద్ధం! కర్నూలు నడిబొడ్డున విజయనగర రాజుల కాలం నుంచీ నిలబడి ఉన్న కొండారెడ్డి బురుజు కూడా ‘ఒక్కడు’ తర్వాత ‘హీరో విలన్‌ని కొట్టిన చోటు’ అయిపోయింది.

మరి ఈ సినిమాలు సీమలో ఆడలేదా? ఆడాయి. బ్రహ్మాండంగా ఆడాయి. ప్రొద్దుటూరులో, ఆదోనిలో, హిందూపురంలో ఈలలు వేసి, కాగితాలు చల్లి చూశారు. ఈ మాట దాచుకోవాల్సిన పనిలేదు. ఎందుకంటే ఆ కథల్లో విలనే కాదు, హీరో కూడా సీమ బిడ్డే. కరువు ప్రాంతం నుంచి వచ్చినవాడు నిలబడి ఎదిరిస్తుంటే తమ ఊరివాడే అనుకున్నారు. అంతకుముందు వెండితెర మీద కనబడని ప్రాంతం ఒక్కసారిగా కనబడింది. ఆ సంబరం నిజం. దానికి కట్టిన మూల్యం ఎంతో తెలిసింది మాత్రం పిల్లలు హాస్టళ్లకు వెళ్లాకే.

ఇక్కడో చిత్రమైన సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్లకు అప్పగించాడు. అప్పటినుంచి దీన్ని ‘సీడెడ్’ జిల్లాలనీ, తెలుగులో దత్తమండలాలనీ పిలిచారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థం. ఆ పేరు అవమానంగా తోచి 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరు సూచించారు. అందరూ సంతోషంగా అందుకున్నారు. ఆ తర్వాత పాత పేరును మరచిపోకుండా వాడుతున్నది ఒక్క సినిమా వ్యాపారమే! నైజాం ఇంత, సీడెడ్ ఇంత అంటూ పంపిణీ లెక్కల్లో ఆ మాట ఇంకా బతికే ఉంది. సీమ తనకు తాను పెట్టుకున్న పేరుతో పరిశ్రమకు పనిపడలేదు. ముఖం విషయంలోనూ అంతే.

నవ్వితే పోయిందా?

పోనీ, నవ్వించే సినిమాతో ఆ భయం పోయిందిగా అనొచ్చు. కొంతవరకు నిజమే. ‘సీమశాస్త్రి’ (2007), ‘మర్యాద రామన్న’, ‘సీమ టపాకాయ్’ (2011) లాంటివి వచ్చాక కొడవలి చూస్తే జనం భయపడటం మాని నవ్వడం మొదలుపెట్టారు. ఫ్యాక్షనిస్టు బెదిరించేవాడి స్థానం నుంచి బెంబేలెత్తేవాడి స్థానానికి మారాడు.

అయితే హాస్యానికి ఒక అలవాటుంది. అది జనానికి ముందే తెలిసిన బొమ్మ మీదే నిలబడుతుంది. గడప దాటితే చంపేస్తారు అన్న మాటకు హాల్లో అంతా నవ్వాలంటే, ‘సీమలో అంతే కదా’ అని అంతా ముందే నమ్మి ఉండాలి. ప్రతి నవ్వూ ఆ నమ్మకం మీద ఇంకో ముద్ర వేస్తుంది. భయపెట్టే సినిమాను ‘ఇంత దారుణంగా ఉంటుందా’ అని అనుమానించే అవకాశమైనా ఉంది. నవ్వించే సినిమాను ఎవరు అనుమానిస్తారు?

రెండోది ఇంకా బరువైన విషయం. ఫ్యాక్షన్ అబద్ధం కాదు. సీమలోని కొన్ని తాలూకాల్లో ఊళ్లకు ఊళ్లు దానికి నలిగిపోయాయి. పంచాయతీ పెత్తనం, కాంట్రాక్టులు, ఎన్నికలు... ఇవే దానికి ఇంధనం. తెర మీద కొట్టుకునేది రెండు పెద్ద ఇళ్లవాళ్లు. నేల మీద చనిపోయినవాళ్లలో, జైలుకెళ్లినవాళ్లలో ఎక్కువమంది వాళ్ల వెనక తిరిగిన పేదవాళ్లు, సన్నకారు రైతులు. మగవాడు పోయాక సేద్యం, పిల్లల చదువులు, కోర్టు వాయిదాలు మోసింది ఆడవాళ్లు. ‘మర్యాద రామన్న’ వచ్చిన 2010లోనే రాంగోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’ కూడా వచ్చింది. 2005 జనవరిలో అనంతపురంలో హత్యకు గురైన పరిటాల రవి జీవితం దానికి ఆధారం. ఒకే ఏడాదిలో ఒక సినిమా సీమను చూపించి నవ్వించింది, ఇంకోటి నెత్తురు చూపించి ఒళ్లు గగుర్పొడిపించింది. రెండింట్లోనూ కనబడనిది ఒక్కటే... ఏ పగలతోనూ సంబంధం లేకుండా వానకోసం ఆకాశంకేసి చూసే మామూలు సీమ మనిషి.

అతను సాహిత్యంలో ఉన్నాడు. మధురాంతకం రాజారాం, కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ కథలు తిరగేస్తే అడుగడుగునా తగులుతాడు. రాజారాం కథలకు 1993లో, విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డులు వచ్చాయి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. అసలైన పోరాటం అక్కడుంది. కాకపోతే దాంట్లో గాల్లోకి లేవడానికి సుమోలు లేవు!

యాస ఎవరి నోట?

ముద్ర పడేది చేతిలోని కత్తితోనే కాదు, నోట్లోని మాటతో కూడా. తెలుగు సినిమాలో చాలాకాలం ఓ అలిఖిత చట్టం నడిచింది. హీరోకి కృష్ణా, గుంటూరు జిల్లాల భాష. వెటకారానికి గోదావరి. పనిమనిషికి ఉత్తరాంధ్ర. రౌడీకి తెలంగాణ. విలన్‌కి సీమ. ‘మర్యాద రామన్న’లోనూ రాము పుట్టింది సీమలోనే అయినా పెరిగింది బయట కాబట్టి అతని నోట సీమ మాట వినబడదు. పొలం అక్కడిది, పగ అక్కడిది, భాష మాత్రం అక్కడిది కాదు.

సీమ యాసను తెర మీద నిజంగా సీమ యాసలా పలికిన నటుడు జయప్రకాశ్‌రెడ్డి. ఉమ్మడి కర్నూలు జిల్లా సిరివెళ్లలో పుట్టారు. ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ నాటకాలాడారు. ‘ప్రేమించుకుందాం... రా’, ‘సమరసింహారెడ్డి’ల్లో ఆయన మాట వింటే ప్రేక్షకులకు వెన్నులో వణుకు పుట్టేది. తర్వాత్తర్వాత అదే యాసతో కడుపుబ్బా నవ్వించారు. 2020లో కన్నుమూసేదాకా ఆయన గొంతులో సీమ పల్లె వినబడుతూనే ఉంది. అంతటి నటుడి చేత కూడా ఆ యాసలో మన సినిమా భయపెట్టించింది, నవ్వించింది. ఓ తండ్రి ప్రేమనో, ఓ మాస్టారి మంచితనాన్నో అదే యాసలో పలికించిన పాత్రలు మాత్రం అరుదు.

ఇప్పుడిప్పుడే గాలి మళ్లుతోంది. 2018లో ‘అరవింద సమేత వీర రాఘవ’ కొడవలి చూపిస్తూనే, ఆ కొడవలి దించమని అడిగే ఆడవాళ్ల గొంతు వినిపించింది. 2021లో వచ్చిన ‘పుష్ప’లో కథానాయకుడే చిత్తూరు మాట మాట్లాడాడు. ఆ పాత్రకు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు. అదే ఏడాది వచ్చిన ‘సినిమా బండి’ ఇంకా ముచ్చటైనది. ఆంధ్రా-కర్ణాటక సరిహద్దు పల్లెలో ఓ ఆటోడ్రైవరుకు ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊరివాళ్లంతా కలిసి సినిమా తీయాలనుకుంటారు. మొదటినుంచి చివరిదాకా నవ్వే. ఎక్కడా కత్తి లేదు. ఆ నవ్వు ఊరి మీద కాదు, ఊరితో కలిసి నవ్వే నవ్వు. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ మర్యాద ఎవరిది?

నిజానికి తెలుగువాళ్లకు నవ్వడం నేర్పినవాళ్లలో సీమవాళ్లది పెద్ద వాటా. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్.రెడ్డిది పులివెందుల ప్రాంతం. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి ‘మాయాబజార్’, ‘గుండమ్మకథ’ లాంటి చిత్రాలు నిర్మించారు. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డులు వచ్చాయి. తాడిపత్రి, పులివెందుల... ఈ రెండు పేర్లూ ఇప్పుడు సినిమాలో వినబడితే బాంబు పేలబోతోందని చెవులు మూసుకుంటాం. అదే నేల మనకు ఘటోత్కచుడి వివాహభోజనం వడ్డించింది!

ఇంకొక్క మాట. అసలు ‘మర్యాద రామన్న’ అన్నది న్యాయం చెప్పడంలో దిట్టగా మన కథల్లో ఉన్న మనిషి పేరు. ఆ పేరుతో 1967లోనే ఓ సినిమా వచ్చింది... ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’. దాన్ని నిర్మించి, టైటిల్ పాత్ర వేసింది హాస్యనటుడు పద్మనాభం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తొలిసారి సినిమాకు పాడింది దాంట్లోనే. ఆ పద్మనాభం సొంతూరు ఎక్కడో తెలుసా? కడప జిల్లాలో, పులివెందుల పక్కనే ఉన్న సింహాద్రిపురం.

ఆయన 2010 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అయిదు నెలలు తిరిగేసరికి అదే పేరుతో, మరో హాస్యనటుడు కథానాయకుడిగా కొత్త సినిమా వచ్చింది. తొలి రామన్న, సీమలో పుట్టి తెలుగునేలనంతా నవ్వించినవాడు. మలి రామన్న, సీమలో అడుగుపెట్టి ప్రాణభయంతో వణికినవాడు. ఈ ఇద్దరి మధ్య నలభైమూడేళ్లలో మారింది సీమ కాదు. సీమను చూసే కన్ను.

కాబట్టి ఈసారి ఎవరైనా ‘మాది అనంతపురం పక్కన పల్లె’ అంటే సుమోల సంగతి పక్కన పెట్టండి. ‘ఈ ఏడాది వానలు పడ్డాయా?’ అని అడిగి చూడండి. ఎంతసేపైనా చెబుతాడు.